ప్రెయిరీ టోపో షీటు

ఉత్తర అమెరికా నడిబొడ్డున ఉన్న గడ్డి మైదానాలను ప్రెయిరీలు అంటారు. అక్కడి వ్యవసాయ ప్రాంతాలను చూపుతూ 1940 – 1970 మధ్య అమెరికా, కెనడా ప్రభుత్వ సర్వే సంస్థలు అచ్చువేసిన పెద్ద స్కేలు స్థలాకృతి పటాలు ఈ వ్యాసానికి విషయం. అమెరికా వైపు వీటిని ప్రచురించింది 1879లో ఏర్పడిన యునైటెడ్ స్టేట్స్ జియలాజికల్ సర్వే. కెనడా వైపువి 1920ల్లో రూపుదిద్దుకున్న జాతీయ టోపోగ్రాఫిక్ పద్ధతిలో వచ్చిన షీట్లు. కాన్సస్, నెబ్రాస్కా, అయోవా, రెండు డకోటాలు, మిన్నెసోటా పడమటి భాగం, సరిహద్దుకు అవతల మానిటోబా, సస్కాచవాన్, ఆల్బర్టా వీటి ప్రధాన క్షేత్రం.

తొలిచూపులో ఇంత నిస్సారమైన పటం మరొకటి ఉండదనిపిస్తుంది. కొండ లేదు, లోయ లేదు, అడవి లేదు. కాగితంలో ఎక్కువ భాగం తెల్లగా వదిలేసినట్టే ఉంటుంది. ఆ తెలుపు మీద మైలుకొకటి చొప్పున నిలువు గీతలు, అడ్డగీతలు. అక్కడక్కడ నల్లటి చుక్కల్లాంటి ఇళ్లు. కాస్త నిలిచి చూస్తే ఒకే కాగితం మీద రెండు వేరు వేరు పటాలు అచ్చయినట్టు తెలుస్తుంది. గోధుమ, నీలం రంగుల్లో ఉన్నది మంచుయుగం మిగిల్చిపోయిన నేల. ఎరుపు, నలుపు రంగుల్లో ఉన్నది ఆ నేల ఎలా ఉంటుందో చూడకముందే ప్రభుత్వం నిర్ణయించిన చతురస్రాల అమరిక. ఈ రెండూ ఎక్కడ పొసగలేదో అక్కడే షీటులో చదవదగ్గ సంగతి ఉంటుంది.

చతురస్రాలు ఎక్కడివి

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో అమెరికా ప్రభుత్వం దగ్గర డబ్బు లేదు, పడమటి భూమి మాత్రం ఉంది. దాన్ని కొలిచి అమ్మడానికి 1785లో కాంగ్రెస్ ఒక ఆర్డినెన్సు చేసింది. అంతకు ముందు ఏడాది తయారైన తొలి ముసాయిదాలో థామస్ జెఫర్సన్ చేయి ఉంది. ఒహాయో నది ఒడ్డున నేటి ఈస్ట్ లివర్‌పూల్ పట్టణం దగ్గర మొదలైన ఆ కొలత దశాబ్దాల తరబడి పడమటికి సాగింది. లెక్క సులువే. ఆరు మైళ్ల భుజం గల చతురస్రం ఒక టౌన్‌షిప్. అందులో మైలు భుజం గల సెక్షన్లు 36. ఒక్కో సెక్షన్ 640 ఎకరాలు. సెక్షన్‌లో పావు భాగం, అంటే 160 ఎకరాలు, ఒక కుటుంబానికి సరిపడే సేద్యపు కమతమని అనుకున్నారు. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం అయిదేళ్లు అక్కడే కాపురముండి సాగు చేసినవారికి నామమాత్రపు రుసుముతో ఆ 160 ఎకరాలే రాసిచ్చింది.

సెక్షన్ల అంకెలు అరక తిరిగినట్టు తిరుగుతాయి. అమెరికాలో ఈశాన్య మూలన 1తో మొదలై పడమటికి పోయి, కింది వరుసలో తూర్పుకు మళ్లి, చివరికి ఆగ్నేయ మూలన 36 దగ్గర ఆగుతాయి. కెనడాలో ఆగ్నేయాన మొదలై ఈశాన్యాన ముగుస్తాయి. షీటు మీద ఈ అంకెలు సెక్షన్ నడిమధ్యన ఎర్రగా అచ్చయి ఉంటాయి. కొత్త పాఠకుడు వాటిని ఎత్తులని పొరబడడం మామూలే.

ఈ కొలతలన్నిటికీ మూలం ఇంగ్లండుకు చెందిన ఎడ్మండ్ గంటర్ 1620 ప్రాంతంలో రూపొందించిన సర్వే గొలుసు. పొడవు 66 అడుగులు, అందులో 100 లింకులు. ఎనభై గొలుసులు ఒక మైలు, పది చదరపు గొలుసులు ఒక ఎకరం. తెలుగు పాఠకుడికి ఇది పరాయి లెక్క కాదు. ఆంధ్రలో సెంటు అంటే సరిగ్గా వెయ్యి చదరపు లింకులు. తెలంగాణలో గుంట అంటే 33 అడుగుల భుజం గల చతురస్రం, అంటే అర గొలుసుకు అర గొలుసు. ఉత్తర డకోటా చట్టం ప్రకారం ప్రతి సెక్షన్ గీతా ప్రజల దారే. గీతకు ఇరువైపులా 33 అడుగుల చొప్పున దారికి వదలాలి. అక్కడి మట్టిరోడ్డు వెడల్పు ఒక గొలుసు, మన గుంట భుజం అందులో సగం. గొలుసు ఒకటే అయినా ఫలితాలు వేరు. మన దగ్గర అప్పటికే ఉన్న చెరువుల, వాగుల, పుంతల మధ్య వంకరటింకరగా ఉన్న పొలాలను గొలుసు కొలిచింది. ప్రెయిరీలో పొలం ఆకారాన్ని గొలుసే పుట్టించింది.

భూమి గుండ్రంగా ఉండడం ఈ పథకానికి అడ్డు తగిలింది. రేఖాంశాలు ఉత్తరానికి పోయేకొద్దీ దగ్గరవుతాయి. 47 డిగ్రీల అక్షాంశం దగ్గర ఒక టౌన్‌షిప్ దక్షిణపు అంచుకన్నా ఉత్తరపు అంచు సుమారు 50 అడుగులు పొట్టిదవుతుంది. ఆ తరుగును, కొలతల్లో పేరుకున్న తప్పులను టౌన్‌షిప్ ఉత్తర, పడమటి అంచుల్లోని సెక్షన్లకు నెట్టేశారు. కొన్ని మైళ్లకొకసారి ఒక దిద్దుబాటు గీత వేసి మళ్లీ కొత్తగా ఆరేసి మైళ్లు కొలిచారు. అందుకే అంతదాకా బాణంలా పోయిన రోడ్డు దిద్దుబాటు గీత దగ్గరికి రాగానే హఠాత్తుగా పక్కకు తిరిగి, కొన్ని గజాలు నడిచి, మళ్లీ ఉత్తరానికి మళ్లుతుంది. రాత్రిపూట కొత్త డ్రైవర్లను పొలంలోకి దింపే మలుపులివి. భూగోళపు వంపు ఒక పల్లె రోడ్డు మీద కంటికి కనిపించే చోటు ఇంతకన్నా ఎక్కడా ఉండదు.

మంచు గీసిన నేల

చదునుగా ఉందంటే ఆకృతి లేదని కాదు. ఉత్తర ప్రెయిరీల మీద చివరి మంచు పలక కరిగి వెనక్కి జరిగి పన్నెండు వేల ఏళ్లకు అటూ ఇటూ అయింది. అది చేసిన పని రెండు రకాల షీట్లలో రెండు విధాలుగా కనబడుతుంది.

ఒకటి రెడ్ రివర్ లోయ, అంటే ఉత్తర డకోటా – మిన్నెసోటా సరిహద్దు. దీన్ని లోయ అనడం మర్యాద కోసమే, అది ఒక మహా సరస్సు అడుగు. కరిగిన నీటికి ఉత్తరాన మంచే అడ్డుకట్టయి నిలవడంతో ఏర్పడ్డ ఆ సరస్సుకు 1879లో వారెన్ అఫమ్ అనే భూగర్భ శాస్త్రవేత్త, మంచుయుగ పరిశోధకుడు లూయీ అగసీ పేరు పెట్టాడు. ఆ అడుగున పేరుకున్న ఒండ్రు మీద నేడు గోధుమ, చక్కెర దుంప పండిస్తారు. అక్కడి నది మైలుకు కొన్ని అంగుళాల వాలుతో ఉత్తరానికి పారుతుంది. సమోన్నత రేఖల (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతల) మధ్య అంతరం అయిదు అడుగులే పెట్టుకున్నా, ఒక రేఖకూ మరో రేఖకూ మధ్య మైలు, రెండు మైళ్లు ఖాళీ వస్తుంది. ఒక్క గోధుమ గీత షీటంతా తిరుగుతూ కనబడుతుంది. రోడ్డు పక్కన వేసిన మట్టికట్ట కూడా అక్కడ ఒక ఎత్తే. 1997 ఏప్రిల్‌లో గ్రాండ్ ఫోర్క్స్ పట్టణాన్ని ముంచిన వరద ఎందుకు అంత మేర పరుచుకుందో తెలుసుకోవాలంటే పాత షీటులో ఆ గీతల మధ్య దూరం చూస్తే చాలు.

ఆ సరస్సు అంచుకు వచ్చేసరికి రేఖలు నాలుగైదు దగ్గరికి చేరి సన్నటి పట్టీలా సాగుతాయి. అవి పాత ఒడ్లు, అలలు తోసిన ఇసుక, కంకర దిబ్బలు. హెర్మన్, క్యాంప్‌బెల్ వంటి ఊళ్ల పేర్లతో వీటిని పిలుస్తారు. పటం మీద ఆ పట్టీ వెంబడి కంకర గోతుల గుర్తులు వరసగా ఉంటాయి. చుట్టూ జిగురు మట్టి ఉన్నచోట రోడ్డుకు వేయడానికి కంకర దొరికేది అక్కడే కదా.

రెండోది దీనికి పూర్తిగా భిన్నం. ఉత్తర డకోటాను వాయవ్యం నుంచి ఆగ్నేయానికి కోస్తూ పోయే మిస్సూరి కోటో మెట్టప్రాంతంలో మంచు దిబ్బలు మట్టిలో కూరుకుపోయి, మెల్లగా కరిగి గుంటలు మిగిల్చాయి. పటం మీద మూసుకున్న వలయాలు, వాటి లోపలి వైపుకు చిన్న పళ్లు. ఆ పళ్లు ఉంటే అది దిబ్బ కాదు, గుంట అని అర్థం. లోపల నీలం గీతలతో అల్లిన మడుగు, లేదా రెల్లు గుర్తు. ఇలాంటి కుంటలు లక్షల్లో ఉన్న ఈ ప్రాంతం కెనడాతో కలిపి ఏడు లక్షల చదరపు కిలోమీటర్లకు పైబడుతుంది. ఉత్తర అమెరికా బాతుల్లో సగానికి పైగా పొదిగేది ఇక్కడేనని అంచనా. వాగులు దాదాపు ఉండవు, పడ్డ నీరు ఎక్కడికక్కడే నిలుస్తుంది. చతురస్రాల పథకం చిత్తుగా ఓడింది కూడా ఇక్కడే. సెక్షన్ గీత నేరుగా మడుగులోకి దిగుతుంది. రోడ్డు మాత్రం ఒడ్డునే ఆగిపోతుంది, లేదా చుట్టూ తిరిగి అవతల మళ్లీ గీతను పట్టుకుంటుంది.

రైతుకు ఆ కుంట నాలుగెకరాల నష్టం, నాగలికి అడ్డం. అయోవాలో ఇలాంటి తడి నేలల్లో తొంభై శాతం దాకా ఎండగట్టారు. పటం మీద తిన్నగా పోయే నీలం గీత ఉంటే అది తవ్విన మురుగు కాలువ. ప్రకృతి అంత తిన్నగా గీయదు. కానీ అసలు పని చేసింది నేల కింద పరిచిన మట్టి గొట్టాలు. అవి ఏ టోపో షీటు మీదా కనిపించవు. అయోవా షీటులో నిండుగా కనబడే తెలుపు వెనక ఎంత నీరు తోడేశారో షీటు ఒక్కటే చూసి చెప్పలేం.

షీటు తయారైన తీరు

1880ల నుంచి ప్రెయిరీలకు పటాలు ఉన్నాయిగాని అవి చిన్న స్కేలువి, మధ్యలో ఖాళీలు ఎక్కువ. రెండో ప్రపంచ యుద్ధం తరవాతే 1:24,000 స్కేలు అమెరికాలో ప్రామాణికమైంది. పటం మీద అంగుళం నేల మీద 2,000 అడుగులు. ఒక్కో షీటు అక్షాంశంలో ఏడున్నర నిమిషాలు, రేఖాంశంలో ఏడున్నర నిమిషాలు చూపుతుంది. ఉత్తర డకోటాలో అది సుమారు 50 చదరపు మైళ్లు, అంటే యాభై సెక్షన్లు. ప్రధాన భూభాగంలోని 48 రాష్ట్రాలకు దాదాపు 55,000 షీట్లు కావలసి వచ్చాయి. ఆ పని 1990ల ఆరంభానికి గాని ముగియలేదు. కొండలకూ నగరాలకూ ముందు వంతు దొరికింది, పొలాలు ఆగాయి. 1944లో మిస్సూరి నది మీద ఆనకట్టల కోసం వచ్చిన పిక్ – స్లోన్ ప్రణాళిక డకోటాలకు, నెబ్రాస్కాకు వివరమైన పటాల అవసరాన్ని పెంచింది.

విమానం నుంచి ఒకదానిపై ఒకటి కమ్ముకునేలా తీసిన ఫొటోల జంటను ప్రత్యేక యంత్రంలో పెట్టి చూస్తే నేల ఎత్తుపల్లాలతో లేచి నిలబడినట్టు కనబడుతుంది. ఆ రూపం మీద ఒక తేలే చుక్కను నడిపి సమోన్నత రేఖ గీసేవారు. 1930ల్లో టెన్నెసీ లోయ పటాలకు మల్టీప్లెక్స్ అనే యంత్రం వాడారు. 1940ల్లో హ్యారీ కెల్ష్ రూపొందించిన ప్లాటరు దాన్ని మించి నిలిచింది. ప్రెయిరీ ఈ యంత్రాలకు పెట్టిన పరీక్ష ఎలాంటిదంటే, వెయ్యి అడుగుల కొండను గీయడం తేలిక, అయిదు అడుగుల తేడాను గీయడం కష్టం. విమానం ఎంత ఎత్తున ఎగిరితే ఎత్తుల కొలతలో అంత పొరపాటు వస్తుంది. అందుకే బాగా చదునైన చోట్ల సర్వేయరు పాత పద్ధతిలోనే ప్లేన్ టేబుల్ బల్ల, దూరదర్శిని పట్టుకుని నేల మీద నడవవలసి వచ్చింది.

1941లో వెలువడి 1947లో సవరించిన జాతీయ ప్రమాణాల ప్రకారం ఈ స్కేలులో స్పష్టమైన గుర్తుల్లో తొంభై శాతం అంగుళంలో యాభయ్యో వంతు తేడా మించకూడదు. నేల మీద అది 40 అడుగులు. ఎత్తుల్లో తొంభై శాతం సమోన్నత అంతరంలో సగానికి మించి తప్పరాదు. అయిదడుగుల షీటులో రెండున్నర అడుగులన్నమాట.

ఖండమంతటి కొలతలకూ మూలబిందువు కూడా ప్రెయిరీలోనే ఉంది. కాన్సస్‌లోని ఆస్‌బోర్న్ కౌంటీలో మీడ్స్ రాంచ్ అనే పశువుల మేతభూమిలో 1891లో నాటిన ఒక గుర్తును 1901లో దేశానికి ఆధారంగా తీసుకున్నారు. 1913లో కెనడా, మెక్సికోలు కూడా ఒప్పుకున్నాయి. షీటు అంచున 1927 ఉత్తర అమెరికా డేటమ్ (కొలతల ఆధార వ్యవస్థ) అని ఉంటే ఆ లెక్కలన్నీ ఈ గడ్డి బీడు నుంచి బయల్దేరినవే.

పటం మీద పల్లె

మధ్య శతాబ్దపు షీట్లకు ప్రత్యేకమైన విలువ ఇచ్చేది వాటి తేదీ. అమెరికాలో వ్యవసాయ కమతాల సంఖ్య 1935లో శిఖరానికి చేరింది, అప్పుడవి 68 లక్షలు. ఉత్తర డకోటా జనాభా 1930లో 6,80,845. మళ్లీ ఆ అంకె దాటడానికి ఎనభై ఏళ్లు పట్టింది. అంటే సర్వేయర్లు ఆ పల్లెలకు పెద్ద స్కేలులో పటం గీసే నాటికి జనం వెళ్లిపోవడం మొదలైంది గాని ఇళ్లు, బడులు, చర్చీలు ఇంకా నిలబడే ఉన్నాయి. 1950ల షీటు ఈ పల్లె సమాజపు దాదాపు పూర్తి ఆస్తుల జాబితా.

నిండు నల్ల చతురస్రం మనుషులుండే ఇల్లు. లోపల గుల్లగా, లేదా గీతలతో ఉన్నది గడ్డివామి కొట్టమో పశువుల సావిడో. గాలిమరకూ గుర్తుంది. చతురస్రం మీద చిన్న జెండా ఉంటే బడి, శిలువ ఉంటే చర్చి. ఒక మైలు, రెండు మైళ్ల దూరంలో ఇంకో బడి. పిల్లలు నడిచి వెళ్లగలిగినంత దూరానికి ఒకే గది, ఒకే పంతులమ్మ ఉన్న బడులవి. టౌన్‌షిప్‌లో 16వ సెక్షన్‌ను, పడమటి రాష్ట్రాల్లో 36వ సెక్షన్‌ను కూడా చదువు ఖర్చు కోసం మొదటే కేటాయించారు. బడి అక్కడే కట్టాలని కాదు, ఆ భూమి ఆదాయం బడికి చెందాలని. తరవాతి దశాబ్దాల్లో బడుల విలీనంతో ఆ జెండాలు మాయమయ్యాయి. ఊరవతల పొలం మధ్య ఒంటరిగా మిగిలిన శ్మశానం గుర్తును బట్టి అక్కడొక నార్వే వారి చర్చో, జర్మన్ల చర్చో ఉండేదని ఊహించుకోవాలి.

రైలుదారి మీద కథ ఇంకొంచెం ముదిరింది. బండి మీద ధాన్యం వేసుకుని పొద్దున బయల్దేరిన రైతు చీకటి పడేలోగా ఇల్లు చేరాలి. అందుకని ఎనిమిది, పది మైళ్లకొక స్టేషను, దాని పక్కన ధాన్యపు ఎలివేటరు. ఇది ధాన్యాన్ని పైకెత్తి నిల్వచేసి, రైలు పెట్టెల్లోకి జార్చే ఎత్తైన గాదె. కెనడా ప్రెయిరీలలో 1930ల్లో ఇవి 5,700 పైచిలుకు. సస్కాచవాన్‌లో గ్రాండ్ ట్రంక్ పసిఫిక్ కంపెనీ స్టేషన్లకు పేర్లను అక్షరక్రమంలో పెట్టుకుంటూ పోయింది. ఫెన్‌వుడ్, గుడీవ్, హబ్బర్డ్, ఇటూనా, జాస్మిన్, కెలిహర్ – ఇంగ్లిషు అక్షరమాలలో ఎఫ్ నుంచి కే దాకా వరసగా ఉన్నాయి. లారీలు, పెద్ద యంత్రాలు వచ్చాక పది మైళ్ల లెక్కకు అర్థం పోయింది. 1950ల షీటు మీద పట్టాలతో ఉన్న ఊళ్లలో చాలావాటికి నేడు పట్టాలు లేవు, కొన్నిచోట్ల ఊళ్లే లేవు.

ఇక పచ్చరంగు. ప్రెయిరీ షీటులో సన్నటి పచ్చ పట్టీ తిన్నగా ఉంటే అది మనుషులు నాటింది. 1930ల దుమ్ము తుపానుల తరవాత రూజ్వెల్ట్ ప్రభుత్వం 1934 – 1942 మధ్య ఉత్తర డకోటా నుంచి టెక్సస్ దాకా 18,600 మైళ్ల పొడవున గాలి అడ్డు చెట్లు నాటించింది. మొత్తం 22 కోట్ల మొక్కలు. కెనడాలో ఇండియన్ హెడ్ నర్సరీ 1901 నుంచి పంచిన మొక్కలు అరవై కోట్లు దాటాయి. ఇంటి చుట్టూ మూడు వైపులా పచ్చ పట్టీ, లోపల నల్ల చతురస్రం అక్కడి కమతానికి పటం మీది ముఖచిత్రం. ఇల్లు కూల్చేసినా చెట్లు మిగులుతాయి. తరవాతి షీట్లలో లోపల ఏమీ లేని పచ్చ చట్రం కనబడితే ఒక కుటుంబం వెళ్లిపోయిందని తెలుసుకోవచ్చు.

కెనడా షీట్లు

సరిహద్దు 49వ అక్షాంశం. దాని ఇరుపక్కలా ఒకే నేల, ఒకే పంట, ఒకే మాదిరి చతురస్రాలు. అయినా రెండు దేశాల షీట్లు పక్కపక్కన పెడితే రోడ్లు కలవవు. డొమినియన్ లాండ్స్ సర్వే 1871లో వినిపెగ్‌కు పడమట ఒక మధ్యాహ్న రేఖ నుంచి తన సొంత లెక్క మొదలుపెట్టింది. అమెరికాలో రోడ్డును సెక్షన్‌లోంచి కోస్తారు. కెనడాలో మైలు సెక్షన్‌ను పూర్తిగా వదిలి రోడ్డుకు విడిగా స్థలం కలిపారు. కాబట్టి కెనడా టౌన్‌షిప్ ఆరు మైళ్లకన్నా కాస్త పెద్దది. 8, 26 సెక్షన్లు బొచ్చు వర్తక సంస్థ హడ్సన్స్ బే కంపెనీకి, 11, 29 బడులకు, బేసి సెక్షన్లలో చాలావరకు రైలు కంపెనీలకు పోయాయి. 1872 చట్టం ప్రకారం పది డాలర్ల రుసుముతో 160 ఎకరాలు వలసదారుకు. నాలుగో మధ్యాహ్న రేఖ, 110 డిగ్రీల పశ్చిమ రేఖాంశం, సస్కాచవాన్ – ఆల్బర్టా సరిహద్దు అయి లాయిడ్‌మిన్‌స్టర్ పట్టణాన్ని రెండు రాష్ట్రాల కింద చీల్చింది.

1950 నాటికి కెనడా మైలుకు అంగుళం స్కేలును వదిలి 1:50,000కు మారింది. రిజైనా నగరం షీట్లు 72 ఐ అనే సంఖ్య కింద వస్తాయి. ప్రెయిరీ షీట్లలో సమోన్నత అంతరం చాలావరకు 25 అడుగులు. ఈ విషయంలో అమెరికా షీట్లే మేలు. 25 అడుగుల అంతరంలో చిన్న కుంటలూ దిబ్బలూ జారిపోతాయి.

కెనడా షీట్లలో చదవడానికి విలువైనది చతురస్రాలు చెదిరిన చోటు. వినిపెగ్ చుట్టూ రెడ్, అసినిబోయిన్ నదుల ఒడ్డున పొలాలు, రోడ్లు చతురస్రాలుగా కాక నదికి అడ్డంగా సన్నటి పొడవాటి పట్టీలుగా ఉంటాయి. అవి మేటీల భూములు. మేటీలంటే ఆదివాసులకూ ఫ్రెంచి, స్కాట్ బొచ్చు వర్తకులకూ పుట్టిన సంతతి వారు. ప్రతి ఇంటికీ నది రేవు, ఇంటి వెనక రెండు మైళ్ల దాకా పొలం, దాని వెనక గడ్డి కోసుకునే హక్కు. 1869 అక్టోబరు 11న కెనడా సర్వేయర్లు ఆ గడ్డిభూమి మీద చతురస్రపు గొలుసు లాగుతుంటే మేటీల నాయకుడు లూయీ రియెల్, అతని మనుషులు గొలుసు తొక్కిపట్టి పని ఆపించారు. మానిటోబా రాష్ట్రం పుట్టుకకు దారితీసిన ఘటన అది. దక్షిణ సస్కాచవాన్ నది మీద బటోష్ దగ్గర 1885లో రియెల్ నడిపిన రెండో తిరుగుబాటుకు ఉన్న కారణాల్లోనూ భూమి సర్వే ఒకటి. రియెల్‌ను ఉరితీశారు. నది పట్టీలు మాత్రం పటం మీద మిగిలాయి.

షీటు దాచినవి

ఇది వ్యవసాయ ప్రాంతపు పటం. కాని ఇందులో పంట లేదు. పండ్లతోటకు గుర్తుంది, ద్రాక్షతోటకు గుర్తుంది, అడవికి రంగుంది. గోధుమకు, మొక్కజొన్నకు, పశువుల బీడుకు, పడావు నేలకు అన్నిటికీ ఒకటే తెలుపు. సర్వే సంస్థకు శాశ్వతమైనవే ముఖ్యం, పంట ఏటా మారుతుంది. ఆ తర్కం అర్థమవుతుంది. కాని ఫలితంగా అక్కడివారికి జీవనాధారమైనదే పటం మీద ఖాళీగా కనబడుతుంది. పంట వివరం కావాలంటే 1930ల చివరి నుంచి పంట విస్తీర్ణాల తనిఖీకి వ్యవసాయ శాఖ తీయించిన విమాన ఫొటోలు చూడాలి. భూమి ఎవరిదో కావాలంటే కౌంటీ వారీగా వచ్చిన పట్టాదారుల పుస్తకాలు చూడాలి. కౌలురైతు ఏ పుస్తకంలోనూ దొరకడు.

ఇంకో ఖాళీ దీనికన్నా పెద్దది. లకోటా, డకోటా, క్రీ, బ్లాక్‌ఫుట్ ప్రజల దారులు, వేట భూములు, శిబిరాల పేర్లు చతురస్రాల కిందికి పోయాయి. వాళ్లు మిగిలింది రిజర్వేషను సరిహద్దు అనే చుక్కల గీతలో. ఆ గీత లోపల కూడా షీటు నిలకడగా ఉండలేదు. 1950ల ఆరంభంలో మిస్సూరి మీద గారిసన్ ఆనకట్ట కట్టినప్పుడు మాండన్, హిడాట్సా, అరికరా తెగల ఫోర్ట్ బర్తోల్డ్ రిజర్వేషనులో లక్షన్నర ఎకరాలకు పైగా మునిగింది. వాళ్ల ముఖ్య పట్టణం ఎల్బోవుడ్స్ నీటి కింద ఉంది. తరవాతి షీటులో అక్కడ నీలం రంగు పరుచుకుని, దానికి సకకావియా సరస్సు అని పేరు. లూయిస్ – క్లార్క్ యాత్రకు సాయపడిన ఆదివాసీ స్త్రీ పేరే ఆ సరస్సుకు పెట్టారు. పటంలో వ్యంగ్యానికి చోటుండదు గాని ఇక్కడ దానంతటదే వచ్చి కూర్చుంది.

నీటి విషయంలోనూ షీటును పూర్తిగా నమ్మకూడదు. ప్రెయిరీ కుంట ఒక ఏడు నిండుతుంది, మూడేళ్లు ఎండుతుంది. విమానం ఎగిరిన రోజున ఏది కనబడితే అదే యాభై ఏళ్లపాటు అచ్చులో నిలిచింది. అప్పుడప్పుడూ నిండేవాటికి విరిగిన నీలం గీత పెట్టి జాగ్రత్త పడ్డారు. ఏది ఎప్పుడూ నిండుగా ఉంటుందో ఒక్క ఫొటో చూసి ఎవరు చెప్పగలరు?

ఇప్పటి వాడుక

పాత షీట్లను కొత్త విమాన ఫొటోలతో సవరించినప్పుడు, నేల మీదికి వెళ్లి సరిచూడని మార్పులను వంగపండు రంగులో అచ్చువేశారు. కొత్త హైవే, కొత్త గాదెలు, కొత్త చెరువు అన్నీ ఆ రంగులోనే. కూల్చేసిన ఇళ్లను మాత్రం చాలాచోట్ల అలాగే వదిలేశారు. అందువల్ల 1970ల సవరణ షీటులో నల్ల చతురస్రం ఉందంటే ఇల్లు ఉన్నట్టు కాదు, మొదటి సర్వే నాడు ఉండేదని మాత్రమే.

నేడు ఈ షీట్లను ఎక్కువగా వాడేవారు సర్వేయర్లు కారు. పూడిపోయిన బావులు, పాత ఇంధన ట్యాంకులు వెతికే పర్యావరణ ఇంజనీర్లు, ఎండగట్టిన కుంటలను మళ్లీ నింపాలనుకునే సంస్థలు, తాతల ఇల్లు ఏ సెక్షన్‌లో ఉండేదో వెతుక్కునే మనవలు. అమెరికా సర్వే సంస్థ 1884 నుంచి 2006 దాకా అచ్చయిన 1,78,000 పైచిలుకు పటాలను స్కాన్ చేసి ఉచితంగా ఇస్తోంది. కాన్సస్, మిస్సూరి, అయోవా విశ్వవిద్యాలయాల్లో చదువుతున్న తెలుగు విద్యార్థులు తామున్న ఊరి 1950ల షీటు దింపుకుని చూడవచ్చు. పాత షీటులోని చోటును ఫోనులో వెతికేటప్పుడు డేటమ్ 1927కు మార్చుకోవాలి. లేకపోతే ప్రాంతాన్ని బట్టి గుర్తు పదుల మీటర్లు పక్కకు పడుతుంది.